డ్యూటీ దిగాక ఒంటరిగా నడక, పరుగు: ఒక ఆరోగ్య పాఠము



షుగరు క్లినిక్కుకు వచ్చే ప్రతి ఒక్కరినీ మేము తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది. "డాక్టరు గారు నడవమన్నారు కదా, నడుస్తున్నారా?" జవాబు దాదాపు అందరిదీ ఒకటే. "నడవాలనే ఉంటుందండి. పని చేసి ఇంటికి వచ్చేసరికి ఓపిక ఉండదు. తోడు వచ్చేవాళ్ళూ లేరు." ఇలా చెప్పేవారు సోమరులు కారు. తెల్లవారుఝామున లేచి, ఇంటిల్లిపాదికీ కారేజీలు కట్టి, యానాంలోనో కాకినాడలోనో దినమంతా పని చేసి, సందెవేళకు బస్సు దిగేవారు. నడక మంచిదని వీరికి మేము క్రొత్తగా చెప్పనవసరము లేదు. పని ముగిసిన తరువాత, ఒంటరిగా, ఆ మొదటి అడుగు ఎలా వేయాలన్నదే వారికి చిక్కు. ఈ సంచికలో ఆ సంగతి వ్రాస్తున్నాము.

ముందు మా సంగతి ఒప్పుకోవాలి. రెండేళ్ళ క్రితము సిబ్బందికి ఆరోగ్య పరీక్షలు జరిపినప్పుడు అందరి చేతికీ బిపి పట్టీ కట్టినది మేమే. చివరకు ఎవరో "మీదీ చూపించుకోండి సిస్టర్ గారూ" అంటే కూర్చున్నాము. 160/100. మరుసటి దినము చూసినా, వారము తరువాత చూసినా అంతే. ముప్ఫై ఏళ్ళకు పైగా రోగుల మంచము ప్రక్కన నిలబడి చెప్పిన పాఠము మాకే చెప్పవలసి వచ్చినది. అదే దినము మన ఆయాలలో ఒకామెకు షుగరు 280 ఉన్నట్లు తెలిసినది. ఆమె వయసు నలభై దాటినది, ఉండేది యానాంలో, భర్త గల్ఫులో ఉన్నాడు. మేమూ ఆ ప్రక్కనే ఉంటాము. "ఏమ్మా, ఇద్దరము కలిసి సాయంత్రము ఏటిగట్టు మీద నడుద్దాము" అని చెప్పుకొన్నాము. మొదటి వారము మూడు దినాలు నడిచాము. రెండవ వారము ఆమెకు నైట్ డ్యూటీ. మూడవ వారము మాకు మీటింగులు. నాలుగవ వారము ఇద్దరమూ ఆ మాట ఎత్తలేదు.

తోడు ఉంటేనే నడుస్తామనుకొంటే షిఫ్టు డ్యూటీల వారు జన్మలో నడవలేరని అప్పుడు అర్థమయినది. కానీ ఆమె అభ్యంతరము వేరు. "సిస్టర్ గారూ, మా ఆయన ఊళ్ళో లేడు. సందె చీకట్లో నేనొక్కదాన్నే గట్టు మీద తిరిగితే ఏమనుకుంటారు?" ఈ మాటను మేము తేలికగా తీసుకోలేదు. ఊరి నోటికి భయపడి మందు మానుకొన్న వారిని, ఆపరేషను వాయిదా వేసుకొన్న వారిని చూసినవారము. దానికి ఆమె తానే ఒక ఉపాయము వెదకినది. అది తరువాత చెబుతాము.

అలసట రెండు రకాలు

ఒళ్ళు అలసిపోవడము ఒకటి, మనసు విసిగిపోవడము ఒకటి. రెండింటికీ మనము ఒకే మాట వాడతాము: "ఓపిక లేదు." చికిత్స మాత్రము వేరు వేరు.

రాజుల మొదటి గ్రంథము 19వ అధ్యాయములో ఏలీయాను చూడండి. ప్రాణభయముతో అరణ్యములోనికి పోయి, బదరీ వృక్షము క్రింద కూలబడి, ఇక చాలని చెప్పి నిద్రపోయినాడు. దేవదూత వచ్చి మందలించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చినాడు. ఏలీయా తిని మరల పడుకొన్నాడు. రెండవసారి లేపి మరల తినిపించినాడు. ఆ పిమ్మటనే హోరేబు ప్రయాణము, నలువది దినములు. ఒళ్ళు నిజముగా అలసినవానికి ముందు కావలసినది అన్నము, నిద్ర. నర్సులమైన మాకు ఈ వరుస చాలా నచ్చుతుంది.

లూకా సువార్త 24లోని ఎమ్మాయు శిష్యులది రెండవ రకము. దుఃఖముఖులై ఆమడ దూరము, అంటే మన లెక్కలో సుమారు 11 కిలోమీటర్లు, నడిచి సాయంకాలానికి ఊరు చేరినారు. ప్రొద్దు పోయినది, ఇక్కడే ఉండమని వెంట వచ్చినవానిని బలవంతము చేసినారు. భోజనము దగ్గర ఆయనను గుర్తుపట్టగానే ఆ గడియలోనే లేచి, అదే దారిన యెరూషలేముకు తిరిగి వెళ్ళినారు. కాళ్ళు అవే, దూరము అదే. మనసులోని బరువు దిగినది.

మనకు వచ్చినది ఏ అలసటో ఇంట్లో కుర్చీలో కూర్చుని తేల్చలేము. మేము సిబ్బందికి చెప్పే పరీక్ష ఇది. ఒక గ్లాసు మంచినీళ్ళు త్రాగి, ఒక అరటిపండో రెండు బిస్కట్లో తిని, పది నిమిషాలు మెల్లగా నడవండి. పది నిమిషాల తరువాత ఒళ్ళు తేలికపడితే అది మనసు అలసట, ముందుకు సాగండి. ఇంకా కాళ్ళు ఈడుస్తూ ఉంటే, తల తిరుగుతూ ఉంటే అది ఒంటి అలసట. వెనుకకు తిరిగి ఇంటికి వెళ్ళి భోంచేసి పడుకోండి. తప్పు చేసినట్లు బాధపడకండి. నైట్ డ్యూటీ దిగిన ఉదయము, జ్వరము, విరేచనములు ఉన్న దినాలలో ఈ పరీక్ష కూడా అక్కరలేదు, విశ్రాంతే.

దినమంతా నిలబడే ఉన్నాము కదా, అది చాలదా?

వార్డులో, దుకాణములో, వంటయింట్లో తిరిగే ప్రతి ఒక్కరూ ఇలాగే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1953లో లండనులో జెర్రీ మోరిస్ అనే డాక్టరు, ఆయన తోటివారు బస్సు సిబ్బందిని పరిశీలించి వ్రాశారు. అక్కడివి రెండంతస్తుల బస్సులు. దినమంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా ఉన్నది. అంటే పనిలో చేసే శ్రమ కూడా మేలు చేయగలదు. అయితే ఆ కండక్టర్లు దినానికి కొన్ని వందల మెట్లు ఎక్కేవారు, ఊపిరి వేగము పెరిగేది. మందుల కౌంటరు వెనుక ఆరు గంటలు నిలబడితే ఊపిరి పెరగదు, పిక్కలు మాత్రము లాగుతాయి, కాళ్ళలో నరాలు ఉబ్బుతాయి.

ఎంత వేగముగా నడవాలో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కరలేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అది మధ్యరకము శ్రమ. నాలుగు మాటలకే ఆయాసము వస్తే అది తీవ్రమైన శ్రమ. నాడి చూడటము వచ్చినవారు లెక్క కట్టుకోవచ్చును. 220లో నుండి వయసు తీసివేయాలి. 50 ఏళ్ళవారికి 170 వస్తుంది. అందులో నూటికి 64 నుండి 76 వంతులు, అనగా నిమిషానికి సుమారు 109 నుండి 129 ఉంటే మధ్యరకము. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారికి నాడి వేగము అణగి ఉంటుంది గనుక ఈ లెక్క పనికిరాదు, మాటల పరీక్షే నమ్మాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారము పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యరకము శ్రమ కావాలి, తీవ్రమైన శ్రమ అయితే 75 నుండి 150 నిమిషాలు. ఒకేసారి పది నిమిషాలకు తగ్గకూడదన్న పాత నియమము ఇప్పుడు లేదు. అయిదు నిమిషాలు నడిచినా లెక్కకు వస్తుంది. దినమునకు పదివేల అడుగులు అన్న మాట చాలామంది అడుగుతారు. అది 1960లలో జపానులో అడుగులు లెక్కపెట్టే పరికరము అమ్మడానికి పెట్టిన పేరు నుండి వచ్చినది. డాక్టర్లు తేల్చిన గీత కాదు గనుక ఆరువేలు నడిచినవారు దిగులు పడనవసరము లేదు.

ఇంట్లోకి వెళ్ళకముందే

మాకు అనుభవములో తెలిసినది ఇదే. ఒకసారి ఇంటి గడప దాటి కుర్చీలో కూర్చున్నామా, ఇక ఆ దినానికి అంతే. చెప్పులు విడవడము, టీ, టీవీలో సీరియల్, రాత్రి కూరకు ఉల్లిపాయలు. కాబట్టి బస్సు దిగిన చోటు నుండే నడక మొదలు పెట్టాలి. బ్యాగులో కాన్వాసు బూట్లు, ఒక జత మేజోళ్ళు ఉంచుకోండి. చీర మీద బూట్లు వేసుకొంటే చూసేవారు మొదటి వారము నవ్వుతారు. మమ్మల్నీ నవ్వారు.

పీటర్ గాల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో వివరించిన సంగతి ఒకటి ఇక్కడ పనికివస్తుంది. "నేను నడుస్తాను" అనుకొన్నవారి కంటే, "ఫలానా వేళకు, ఫలానా చోట, ఫలానా పని కాగానే నడుస్తాను" అని ముందుగా నిర్ణయించుకొన్నవారే ఎక్కువగా అనుకొన్నది చేస్తారు. కాగితము మీద ఒక్క వాక్యము వ్రాసుకోండి. మా ఆయా వ్రాసినది మాకు నోటికి వచ్చు. "ఆరు గంటల బస్సు దిగగానే, సంచి అక్క కొట్లో పెట్టి, గట్టు మీద దీపాలు అయ్యేదాకా పోయి వస్తాను." ఊరి నోటికి ఆమె వెదకిన ఉపాయము కూడా ఇందులోనే ఉన్నది. ఆ కొట్టు అక్కతో ముందే చెప్పినది, డాక్టరు గారు నడవమన్నారని చీటీ కూడా చూపినది. దినమూ అదే వేళకు సంచి అక్కడ పెట్టడము, అదే వేళకు తీసుకోవడము. రెండు వారాలకు వీధిలో వారికి ఆమె నడక గడియారము అయిపోయినది. ఒకనాడు రాకపోతే "ఏమమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగినవారు కూడా వారే. ఆలస్యమయితే వెదకడానికి ఒక మనిషి ఉండటము భద్రతకూ మంచిదే.

అలవాటు పడటానికి ఎన్ని దినాలు? ఇరవై ఒక్క దినాలని అందరూ చెబుతారు. ఫిలిపా లాలీ, ఆమె తోటివారు లండనులో 96 మందిని గమనించి వ్రాసిన దాని ప్రకారము సగటున 66 దినాలు పట్టినది. కొందరికి 18 దినాలకే కుదిరినది, కొందరికి 254 అవసరమని లెక్క తేలినది. ఆ 96 మందిలో కొందరు ఎన్నుకొన్నది రాత్రి భోజనమునకు ముందు పదిహేను నిమిషాల పరుగు, అంటే అచ్చముగా మన సంగతే. మనకు శ్రమకాలము నలువది దినములు. దానిని ఆచరించడమే మనకెంత కష్టమో తెలుసు. ఈస్టరు దాటి ఇంకా 26 దినములు లాగాలన్నమాట! ఆ పరిశీలనలోనే తేలిన ఒక ఓదార్పు, మధ్యలో ఒకనాడు తప్పిపోతే అలవాటు చెడిపోదు. మేము మాత్రము రెండు దినాలు వరుసగా తప్పకూడదని నియమము పెట్టుకొన్నాము. నడిచిన దినాన సంఘము వారు ఇచ్చిన గోడ క్యాలెండరు మీద అడ్డగీత పెడతాము.

సాయంత్రము వేళ యానాం అంటే చుట్టుప్రక్కల ఊళ్ళవారికి వేరే దుకాణాలు గుర్తు వస్తాయేమో తెలియదు గాని, గౌతమి ఒడ్డున నడవడానికి ఉన్న సౌకర్యము చాలా పట్టణాలకు లేదు. ఒకప్పుడు ఎదురులంకకు పంటు మీదనో పడవ మీదనో దాటేవాళ్ళము. ఇప్పుడు బాలయోగి గారి పేరిట వంతెన ఉన్నది. నీళ్ళ మీది గాలికి ఉక్కపోత కొంత తగ్గుతుంది. ఒంటరిగా నడిచేటప్పుడు విసుగు పుడుతుందని చెప్పేవారికి మా పద్ధతి ఇది. ఒక్కొక్క దీపస్తంభము దగ్గర వార్డులో ఉన్న ఒక్కొక్క రోగిని తలచుకొని ప్రార్థిస్తాము. వార్డు నిండుగా ఉన్న దినాన నడక కూడా పొడుగవుతుంది. తోడు ఉంటే ఇది కుదరదు.

పరుగెత్తదలచిన వారికి

ఈ మధ్య బట్టల దుకాణములో పని చేసే ఒక అమ్మాయి మోకాలి క్రింద ఎముక ముందు భాగములో నొప్పి అని వచ్చినది. తాళ్ళరేవు వైపు ఊరు. కానిస్టేబులు ఉద్యోగానికి తయారవుతున్నది. రాత్రి దుకాణము మూసిన తరువాత ఒక్కతే పరుగు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వెలువడిన ప్రకటన ప్రకారము 1600 మీటర్లు మగవారు 8 నిమిషాలలో, ఆడవారు 10 నిమిషాల 30 సెకండ్లలో ముగించాలి. ఈ అమ్మాయి ప్రతి రాత్రీ పరీక్ష రాత్రి లాగే పరుగెత్తేది. సిమెంటు రోడ్డు మీద, అరిగిపోయిన చెప్పులతో, పగలు తిన్న ఒక్క టిఫినుతో. నాన్నగారు లేరు, తమ్ముడు చదువుతున్నాడు. "ఈసారి పోతే ఇంట్లో పెళ్ళి చేసేస్తారండి" అన్నది. నొప్పి కంటే ఆ మాటే ఆమెను పరుగెత్తిస్తున్నదని మాకు తోచినది. అది బలమైన ప్రేరణే, కాని దాని వల్ల ఎముకకు విశ్రాంతి దొరకడము లేదు.

డాక్టరు గారు చూసి ఎముకలో చీలిక లేదన్నారు. రెండు వారాలు పరుగు మానిపించాము. తరువాత లెక్క కట్టి చూపాము. పదిన్నర నిమిషాలంటే 400 మీటర్ల చుట్టు నాలుగు, ఒక్కొక్కటి సుమారు 2 నిమిషాల 37 సెకండ్లు. మొదటి చుట్టు రెండు నిమిషాలలో కొట్టి నాలుగవ చుట్టులో కూలబడే బదులు నాలుగూ సమానముగా పోవాలి. వేగపు పరుగు వారానికి ఒక్క దినము చాలు. మిగిలిన దినాలు మాట్లాడగలిగే వేగముతో మట్టి నేల మీద. ఒక దినము పూర్తి సెలవు. పరుగుకు గంట ముందు అరటిపండు, తరువాత గ్రుడ్డో పప్పన్నమో. మన తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ 2024 పారిస్ ఒలింపిక్సుకు రిలే జట్టులో ఎంపికయిన సంగతి చెబితే ముఖము విప్పారినది. అంతటి క్రీడాకారిణులకు కూడా విశ్రాంతి దినము శిక్షణలో భాగమే అని చెప్పాము.

ఎన్నడూ పరుగెత్తని వారు, నలభై దాటినవారు ఇంత అవసరము లేదు. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికా దేశస్థుడు తయారు చేసిన పద్ధతి చాలా దేశాలలో వాడుతున్నారు. వారానికి మూడు దినాలు. అయిదు నిమిషాలు చురుకుగా నడక, తరువాత 60 సెకండ్లు మెల్లని పరుగు, 90 సెకండ్లు నడక, ఇలా మార్చి మార్చి ఇరవై నిమిషాలు. వారము వారము పరుగు భాగము కొద్దిగా పెంచుకొంటూ తొమ్మిది వారాలకు అయిదు కిలోమీటర్లు. తొమ్మిదికి బదులు ఇరవై వారాలు పట్టినా ఎవరూ అడగరు.

జాగ్రత్తలు

బిపి 180/110 గాని అంతకు మించి గాని ఉంటే వ్యాయామము వద్దు, ముందు డాక్టరును చూడండి. నడిచేటప్పుడు ఛాతీ మధ్య బిగపట్టినట్లు ఉన్నా, ఎడమ చేయికి గాని దవడకు గాని నొప్పి ప్రాకినా, చల్లని చెమటలు పట్టినా అక్కడే కూర్చుని ఎవరినైనా పిలవండి. గ్యాసు నొప్పి అనుకొని సోడా త్రాగి ఇంటికి పోయి రాత్రి రెండు గంటలకు ఆసుపత్రికి తెచ్చినవారిని మేము ఎందరినో చూశాము.

షుగరుకు ఇన్సులిన్ గాని గ్లిమిపిరైడ్, గ్లిబెంక్లమైడ్ మాత్రలు గాని వాడేవారు ఖాళీ కడుపుతో బయలుదేరరాదు. షుగరు 100 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిని బయలుదేరండి. 300 దాటితే ఆ దినము మానండి. జేబులో గాని రుమాలు కొంగులో గాని మూడు నాలుగు చెంచాల పంచదార పొట్లము ఉండాలి. వణుకు, చెమట, గుండెదడ, తికమక కలిగితే వెంటనే నోట్లో వేసుకోండి. ఒంటరిగా నడిచేవారికి ఇది మరీ ముఖ్యము, ఎందుకంటే తికమక పడుతున్నారని చెప్పడానికి ప్రక్కన మనిషి ఉండరు. "నాకు షుగరు జబ్బు ఉన్నది" అని, ఇంటి ఫోను నెంబరుతో చీటీ ఉంచుకోండి. ఇంటికి రాగానే పాదాలు కడిగి, తుడిచి, వ్రేళ్ళ మధ్య చూసుకోండి.

కోనసీమ దగ్గర ఉండి కొబ్బరిబొండము వద్దంటే ఎవరూ వినరు. మామూలు వారికి మంచిదే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్, స్పైరొనొలాక్టోన్ వంటి మాత్రలు వాడేవారు మాత్రము దినమూ త్రాగే ముందు డాక్టరును అడగాలి, అందులో పొటాషియము ఎక్కువ. అరగంట నడకకు మంచినీళ్ళు చాలు, బిపి వారికి ఉప్పు కలిపిన నీళ్ళు అక్కరలేదు. వేసవిలో సాయంత్రము అయిదున్నర దాటకుండా బయలుదేరవద్దు.

రోడ్డు మీద నడిచేవారు కుడి ప్రక్కన, ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేటట్లు నడవండి. తెల్లని బట్టలు, చేతిలో చిన్న టార్చి. చెవులలో పాటలు పెట్టుకొంటే ఒక చెవికే. ఫౌజా సింగ్ గారి సంగతి చాలామంది విని ఉంటారు. భార్యను, కుమారుని పోగొట్టుకొన్న దుఃఖములో వృద్ధాప్యములో పరుగు మొదలుపెట్టి, 2000లో 89వ ఏట లండను మారథాను, 2011లో నూరేళ్ళకు టొరంటో మారథాను పూర్తి చేశారు. ఈ వయసులు ఆయన చెప్పిన పుట్టిన తేదీ ప్రకారము. గుండె ఆయనను మోసగించలేదు. 2025 జూలైలో పంజాబులోని సొంత ఊరి దగ్గర రోడ్డు మీద వాహనము కొట్టి మరణించారు. 216 జాతీయ రహదారి అంచున చీకట్లో నడవడము కన్నా ఇంటి ముందు వీధిలో పది చుట్లు మేలు.

వానాకాలములో గట్టు మీద గడ్డిలో కాలు పెట్టవద్దు, పాములుంటాయి. కుక్కలు మీదికి వస్తే పరుగెత్తకుండా నిలబడండి. కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆ దినమే టీకాకు రండి. పసుపు, కారము పెట్టవద్దు.

మన ఆయాకు మొన్న పరగడుపున షుగరు 138 వచ్చినది. మాత్రలు కూడా తప్పకుండా వేసుకొన్నది గనుక అంతా నడకదే అని చెప్పము. మా బిపి ఒక మాత్రతో 134/84 దగ్గర ఉన్నది. మధ్యలో తుఫాను వానలకు పదహారు దినాలు క్యాలెండరు మీద గీత లేదు. మరల మొదలుపెట్టిన దినాన మొదటి రోజు కంటే కష్టముగా ఉన్నది. బట్టల దుకాణము అమ్మాయి వచ్చే నెల మరల చూపించుకోవడానికి రావాలి.

నడక మొదలు పెట్టదలచినవారు ఏ బుధవారమైనా మధ్యాహ్నము రెండు నుండి నాలుగు వరకు నర్సింగ్ ఆఫీసుకు రండి. బిపి చూస్తాము, నాడి లెక్క నేర్పుతాము. వాడే మందుల చీటీ, వేసుకొని నడవబోయే చెప్పులు గాని బూట్లు గాని వెంట తీసుకురండి. వాటి అడుగు భాగము చూడాలి.